నిలువ అన్నమున పుట్టెడి విషము

వరి పండించువాడు తన ధాన్యమునకు రాగల హాని యెన్ని విధములుగా నుండునో యెఱుగును. అగ్గితెగులు, దోమపోటు, కోతల వేళ వాన, గాదెలో ముక్కపురుగు, మిల్లులో నూక, వీనియన్నిటికిని ఏదో యొక ప్రతిక్రియ యాలోచించుచునే యుండును. బియ్యము కుండలోనికి చేరి అన్నమైన పిమ్మట మాత్రము ఇక భయము లేదని నిశ్చింతుడై యుండును. అన్నము పరబ్రహ్మస్వరూపమని తలచెడి దేశమున దానిని శంకించుట యెవరికిని తోచదు. పెండ్లి భోజనమైన పిదప పదిమంది వాంతులు చేసికొన్నచో వంకాయ కూరను నిందింతురు, నూనెను నిందింతురు, వంటవానిని నిందింతురు, దిష్టి తగిలినదందురు. విస్తరి నడుమ తెల్లగా నున్న అన్నమును నిందించువారు లేరు. ఒక్కొక్కప్పుడు దోషము దానియందే యుండును.

ఈ విషయము ఈ మాసముననే వ్రాయుటకు హేతువు కలదు. తొలకరి పడినది, నారుమళ్లు సిద్ధమగుచున్నవి. నాట్ల దినములలో మన యిండ్ల వంట ఎట్లు జరుగునో అందఱికిని తెలిసినదే. కూలివారు తమ అన్నము తామే తెచ్చుకొనుట కొన్ని గ్రామముల వాడుక. రైతు ఇంటనే వండి పొలమునకు పంపుట మఱికొన్నింట. ఏ విధమైనను ఇల్లాలు కోడికూతకు లేచి, ఒక్కసారిగా పెద్ద గుండిగలో అన్నము వండి, ఆవిరి పోవకుండ మూతబెట్టి, దానినే గట్టు మీదికి పంపును. నాలుగు గంటలకు వండిన అన్నమును మధ్యాహ్నము ఒంటిగంటకు విప్పుదురు. సందిట బిడ్డలున్న తల్లులు అందులోనుండియే పిల్లలకును నాలుగు ముద్దలు పెట్టుదురు. ఆ రాత్రి ముఠాలో పదిమందికి వాంతులైనచో మఱునాడు పొలములోనికి దిగువారుండరు. నారు ముదిరిపోవును, దమ్ము చేసిన మడి గట్టిపడును. కూలివారికి ఏడాదిలో మంచి కూలి దొరకెడి నాలుగు దినములు మంచము పాలగును.

ఈ యుపద్రవమునకు కారణమైన సూక్ష్మజీవి పేరు బాసిల్లస్ సీరియస్. 1887వ సంవత్సరమున ఇంగ్లండునందు ఫ్రాంక్లాండు దంపతులు దీనిని ఒక గోశాలలోని గాలినుండి వేఱుచేసి వర్ణించిరి. పెంపకపు పళ్లెములో దీని గుంపులు మైనమువలె కనబడుటచే, లాటిను భాషలో మైనమును సూచించు ఆ పేరు పెట్టిరి. గోశాలలో దొరకినదని దానిని మురికి స్థలములకే చెందినదిగా భావింపరాదు. దాని నివాసము నేల. మన మాగాణిలోను, మెట్టలోను, కళ్లములోని దుమ్ములోను, గడ్డివామిలోను అది సర్వత్ర యున్నది. వరిగింజ యూక మీద చేరి, మిల్లు దాటి, బియ్యముతో గూడ ఇంటికి వచ్చును. బియ్యమును మూడుమార్లు కడిగినచో కొంత పోవునే గాని పూర్తిగా పోవదు. కాబట్టి బియ్యములో ఇది యున్నదని రైతును గాని మిల్లువానిని గాని తప్పుబట్టుటకు వీలులేదు. నేలలో పండినది నేల గుణమును కొంత వెంటదెచ్చును.

దీని బంధువర్గమును చెప్పినచో మన సభ్యులకు ఇది కొత్తది కాదని తెలియగలదు. పశువులను గంటలలో కూల్చెడి దొమ్మరోగమును కలిగించు క్రిమి దీనికి దగ్గఱి జ్ఞాతి. ప్రత్తికాయ తొలుచు పురుగును చంపుటకై 2002 నుండి మనదేశమున సాగునకు అనుమతింపబడిన బి.టి. ప్రత్తిలో ఏ సూక్ష్మజీవి గుణమును చొప్పించిరో, ఆ బాసిల్లస్ తురింజియెన్సిస్ మఱియొక జ్ఞాతి. ఒకే కుదురున పుట్టిన మువ్వురిలో ఒకటి పశుఘాతకము, ఒకటి పురుగులను చంపి రైతునకు ఉపకరించునది, మూడవది మన అన్నపుగిన్నెలో కాపురము పెట్టునది.

దొమ్మరోగముతో చచ్చిన పశువును కోయరాదనియు, లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలెననియు పశువైద్యులు ఏల చెప్పుదురు? ఆ క్రిమి నేలలో పడినచో ఏండ్లకొలది చావక నిలిచియుండును గనుక. ఆ నిలిచియుండు శక్తియే అన్నపు క్రిమికిని కలదు. ఆహారము, తడి, వెచ్చదనము ఉన్నంతవఱకు ఇది సామాన్యమైన క్రిమియే, ఉడుకునీటిలో చచ్చిపోవును. కాని పరిస్థితులు ప్రతికూలమైనప్పుడు తన సారమునంతయు లోపలికి ముడుచుకొని, చుట్టును గట్టి పొరలు కట్టుకొని, ఎండిన విత్తువలె మాఱును. దీనిని శాస్త్రజ్ఞులు సిద్ధబీజము అందురు. విత్తనము గరిసెలో నెలలకొలది నిద్రించి, నీరు తగిలిన నాడు మొలకెత్తునట్లు, ఈ సిద్ధబీజమును కాలము కొఱకు వేచియుండును. ఎండకు చావదు. బియ్యపు బస్తాలో ఏడాది యున్నను చావదు. ముఖ్యముగా, ఎసరు మరిగెడి వేడికి చాల భాగము చావదు.

అంతేకాదు, వంట దానికి ఉపకారము చేయును. మనము మడిని దమ్ముచేసి, కలుపు తీసి, నీరు నిలిపి, అప్పుడు నాటుదుము గదా. అన్నము వండుటయు ఈ క్రిమి పక్షమున అట్టి వ్యవసాయమే. బియ్యముతో వచ్చిన తక్కిన క్రిములు చాలవఱకు ఎసటిలో చచ్చును. కనుక పోటీదారులు పోయిరి. గింజ నీరు త్రాగి మెత్తబడును. కనుక ఆహారము సిద్ధమైనది. కొంచెము వేడి తగులుటచే సిద్ధబీజములకు నిద్ర చెదరును. ఇక గిన్నె చల్లారుచు గోరువెచ్చనికి వచ్చుటయే తరువాయి, కలుపులేని మడిలో ఏకపంటగా అది పెరుగును.

ఆ పెరుగుదల ఎట్టిదో లెక్కవేసి చూడుడు. 30 మొదలు 37 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చదనమున అన్నములో ఈ క్రిమి ఇంచుమించు అరగంట కొకమారు రెట్టింపగునని అనుకొందము. గ్రాము అన్నములో పది సిద్ధబీజములు మొలకెత్తినచో, అయిదు గంటలకు అవి పదివేలగును. ఏడు గంటలకు లక్షన్నర దాటును. పది గంటలకు కోటి యగును. సాధారణముగా గ్రామునకు లక్ష దాటిన పిమ్మట జబ్బు కలిగింపగల స్థితి వచ్చినదని యెంచుదురు. చక్రవడ్డీ మహిమ సహకార సంఘపు సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మొదటి గంటలలో అసలు కనబడదు, కడపటి గంటలో కొంప మునుగును. అన్నము 60 డిగ్రీలకు మించిన వేడిలో నున్నంతసేపు ఈ లెక్క ప్రారంభము కాదు. పది డిగ్రీలకు లోబడిన చలిలో మిక్కిలి మందగించును. ఈ రెంటికిని నడుమ నున్న కాలమే లెక్కకు వచ్చునది. శీతల దేశములలో రాత్రి వంటయిల్లే కొంతవఱకు కాపాడును. మనకు వైశాఖ జ్యేష్ఠములలో, రెంటచింతల వైపు గాని గోదావరి లంకలలో గాని, అర్ధరాత్రియు గిన్నె చల్లబడదు.

ఈ క్రిమి రెండు విధముల బాధ పెట్టును. ఒకటి విరేచనముల రూపము. తిన్న ఎనిమిది మొదలు పదునాఱు గంటలకు కడుపులో మెలిపెట్టు నొప్పి, నీళ్ల విరేచనములు కలుగును. ఇది క్రిములు ప్రేగులలో చేరి అచట విడిచెడి విషము వలన కలుగునది. ఆ విషము వేడికి నిలువదు. రెండవది వాంతుల రూపము. అన్నముతో ముఖ్యముగా ముడిపడినది ఇదియే. ఇందు విషము గిన్నెలోని అన్నములోనే తయారై యుండును. తిన్న అరగంట మొదలు ఆఱు గంటలలోపల వికారము, వాంతులు మొదలగును. ఈ విషమునకు సీరియులైడ్ అని పేరు. 1994లో జపాను శాస్త్రజ్ఞులు దీని నిర్మాణమును తెలిపిరి. ఇది గొలుసువలె చుట్టుకొన్న చిన్న పదార్థము. 126 డిగ్రీల వేడిలో గంటన్నర యుంచినను చెడదు. నీరు మరుగునది 100 డిగ్రీల వద్దనే గదా! జీర్ణాశయములోని ఆమ్లమును దీనిని చెఱుపజాలదు.

ఈ యొక్క వాక్యమును సభ్యులు ఇంటివారికి తప్పక చదివి వినిపింపవలయునని నా కోరిక: రాత్రి మిగిలిన అన్నమును ఉదయము మరల వేడిచేసినచో క్రిములు చచ్చును, వాంతులు కలిగించు విషము మాత్రము అట్లే యుండును. వేడిచేసితిమి గదా యను ధైర్యమే ఇక్కడ ప్రమాదకరము. వాసన వచ్చుట లేదు గదా, జిగురు సాగుట లేదు గదా యను ధైర్యమును అట్టిదే. అన్నము పాచినదని ముక్కునకు తెలియుటకు పూర్వమే విషము తయారై యుండవచ్చును.

ఈ సంగతి లోకమునకు తెలిసిన విధము కొంత విచిత్రము. 1947 మొదలు 1949 వఱకు నార్వే రాజధానియైన ఓస్లో నగరమున నాలుగుమార్లు అన్నదోషము వంటి రోగము పుట్టి, ఇంచుమించు 600 మంది విరేచనములతో బాధపడిరి. అచట అపరాధి అన్నము కాదు. భోజనాంతమున వడ్డించిన తీపి పాకము. మొక్కజొన్న పిండితో దానిని ముందురోజే కాచి, గదిలోనే యుంచి, మఱునాడు వడ్డించిరి. పిండిలో సిద్ధబీజము లుండెను. స్టెయినార్ హౌగె యను వైద్యుడు దీనిని శోధించి, తన నిర్ణయమును రుజువు చేయుటకై ఆ క్రిమిని పెంచిన పాకమును తానే త్రాగెను. పదమూడు గంటల పిదప అతనికిని అదే బాధ కలిగెను. శాస్త్రము కొఱకు కడుపు నొప్పి కొనితెచ్చుకొన్నవారు అరుదు. మొక్కజొన్న పిండియైనను, బియ్యమైనను, గోధుమ సేవలైనను పిండి పదార్థములన్నిటియందును కథ ఒక్కటియేయని అతని ప్రయోగము వలన మనకు తెలియుచున్నది.

వాంతుల రూపము 1971లో ఇంగ్లండున బయటపడెను. చీనా వంటకముల భోజనశాలలలో వేపుడు అన్నము తిన్నవారు కొలది గంటలలోనే వాంతుల పాలగుచుండిరి. విచారింపగా సంగతి ఇట్లు తేలినది. ఆ శాలలలో అన్నమును ఒక్కసారిగా పెద్ద మొత్తమున వండి, నీరు వార్చి, ఆరుటకై వంటయింటనే రాత్రియంతయు వదలుచుండిరి. శీతలపేటికలో పెట్టినచో మెతుకులు ఉండ కట్టును, వేపుడునకు పనికిరావు అను భయముచే అందులో పెట్టెడివారు కారు. మఱునాడు దానిని గ్రుడ్లతో కలిపి మూకుడులో రెండు నిమిషములు వేయించి వడ్డించుచుండిరి. వేయించుటచే క్రిములు కొన్ని చచ్చినను రాత్రి పుట్టిన విషము చావలేదు. గిల్బర్టు, స్ట్రింజరు, పీసు అను మువ్వురు శోధకులు ఈ క్రిమి ఉడికించిన అన్నములోను వేపుడు అన్నములోను ఎట్లు బ్రదికి పెరుగునో పరీక్షించి 1974లో ప్రకటించిరి. వారి సలహా సులభమైనది: కొంచెము కొంచెముగా పలుమార్లు వండుడు, వండినదానిని వేడిగానే యుంచుడు, లేదా త్వరగా చల్లార్చి రెండు గంటలలో శీతలపేటికకు చేర్చుడు.

లండను మాట మనకేలయని యనవలదు. రాత్రి మిగిలిన అన్నమునకు ఉదయము ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి తిరగమోత పెట్టుట మన ప్రతి ఇంటను ఉన్నదే. బడికి పోవు పిల్లలకు చాలచోట్ల అదియే ఫలహారము. లండను వేపుడునకును మన తిరగమోత అన్నమునకును క్రిమి దృష్టిలో భేదమేమియు లేదు. నేను తిరగమోత అన్నమును మానుమనుట లేదు. అంత రుచికరమైనదానిని మానుమని చెప్పినను ఎవరును వినరు. రాత్రి మిగిలిన అన్నము ఆ రాత్రి యెక్కడ యుండెనను ప్రశ్న వేసికొనుమనుచున్నాను. శీతలపేటికలో నుండెనా, తినవచ్చును. పొయ్యి ప్రక్క మూతక్రింద వెచ్చగా నుండెనా, ఆ అన్నము పిల్లలకు తగదు.

ఇచ్చట పెద్దలు కొందఱు ఆక్షేపింతురు. పెద్దల మాట చద్దిమూటయని సామెత యున్నది గదా, తాతముత్తాతలు చద్దియన్నము తినియే నాగలి పట్టిరి గదా, వారికేమైనది? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. సమాధానము పులుపులో నున్నది. భూసార పరీక్షలో ఉదజని సూచిక యను మాటను సభ్యులు వినియుందురు. పులుపు హెచ్చిన కొలది ఆ సంఖ్య తగ్గును. అన్నపు క్రిమి పులుపును ఓర్వలేదు. ఆ సంఖ్య ఇంచుమించు 4.5కు దిగినచో దాని పెరుగుదల ఆగిపోవును. తరవాణి కుండలో పాత పులిసిన నీరు ఎప్పుడును కొంత మిగిలియే యుండును. రాత్రి అన్నమును అందులో వేసినచో ఆ పులుపు మొదటినుండియు కావలి కాయును. పాలను పెరుగుగా మార్చు జాతికి చెందిన మేలు క్రిములు తెల్లవారులోపల దానిని ఇంకను పులియజేయును. పోతన భాగవతమున గొల్లపిల్లలు కృష్ణునితో గూడ కూర్చుండి ఆరగించిన చలిదియు పెరుగు కలిపినదే. ఒడియా వారి పఖాళమునకును, వంగదేశీయుల పాంతా భాతునకును, అరవవారి పళయ సోఱునకును ఇదే మార్గము. జపాను వారు తమ చేపలతో తినెడి అన్నములో పులుపునీరు కలుపుటయు ఈ గుణమునే ఇచ్చుచున్నది.

మన పూర్వులు ఎఱిగి చేసిరో, అనుభవమున కుదిరినదో గాని, వారి చద్ది పులిసిన చద్ది. నేడు మనము చద్ది యనునది వట్టి నిలువ అన్నము. నీరు పోయము, తరవాణి లేదు, మజ్జిగ తెల్లవారిన పిమ్మట తినెడివేళ కలుపుదుము. పేరొక్కటియే మిగిలినది. రాత్రియంతయు వెచ్చగా నిలిచిన అన్నములో ఉదయము పెరుగు కలిపినచో అప్పటికే పుట్టిన విషమును ఆ పెరుగు తీసివేయజాలదు. పులుపు పెరుగుదలను ఆపునే గాని పుట్టినదానిని చెఱుపదు. కనుక చద్ది చేసికొనువారు అన్నము ఆరిన వెంటనే, రాత్రియే, పులిసిన తరవాణిలో గాని చిక్కని పుల్లమజ్జిగలో గాని మునుగునట్లు కలిపి యుంచవలయును. ఎండకాలపు వెచ్చని రాత్రులలో కొత్త కుండలో వట్టి నీరు పోసి తరవాణి మొదలుపెట్టుటకు నేను సాహసింపను.

పులిహోర విషయమును ఇట్టిదే. చింతపండు పులుసు బాగుగా పట్టించిన పులిహోర ప్రయాణములకు తగినదని మనవారు గుర్తించుటలో యుక్తి యున్నది. మఱియు పులిహోర చేయువారు వేడి అన్నమును పెద్ద తాంబాళములో పలుచగా పఱచి, నూనె పసుపు చల్లి ఆరనిత్తురు గదా. మెతుకు విడివిడిగా నుండుటకై చేయు ఆ పని వలన అన్నము త్వరగా చల్లారును. ఇంగ్లండు వంటవారును మెతుకు విడివడుటనే కోరిరి గాని, వారు రాత్రియంతయు వదలిరి, మనవారు ఘడియలో పులుపు కలిపిరి. నిమ్మకాయ పులిహోరకు మాత్రము ఇంత భరోసా ఈయజాలను. నిమ్మరసము కొంచెమే పడును, అన్నమునకంతకు సమముగా పట్టదు. దద్ధ్యోజనములో పుల్లపెరుగు తక్కువ, పాలు ఎక్కువ కలిపినచో అదియు నిలువ యుంచదగినది కాదు. ఇవన్నియు చేతితో కలుపువారు చేతులు కడిగికొనక, వ్రేలిమీద పుండు పెట్టుకొని కలిపినచో మఱియొక జాతి క్రిమి చేరి, అదియు వేడికి చెడని విషమునే పుట్టించును. దాని కథ వేఱు.

ఇక చేయవలసినది. చల్లార్చుటలో రహస్యమంతయు లోతులో నున్నది. అన్నపు రాశి వేడిని తొందరగా విడువదు. మూరెడు ఎత్తు గుండిగలో పైన చేయిపెట్టి చూచినచో చల్లబడినట్లుండును; నడుమ గరిటె దింపి చూడుడు, గంటలు గడచినను వెచ్చగా నుండును. ఆ నడుమ భాగమే క్రిమికి నారుమడి. ఆ గుండిగను అట్లే ఫ్రిజ్ అనెడి శీతలపేటికలోనికి ఎక్కించినను నడుమ చల్లబడుటకు చాల కాలము పట్టును. అదే అన్నమును రెండంగుళముల మందమునకు మించకుండ వెడల్పైన పళ్లెములలో పఱచి, పలుచని గుడ్డ కప్పి, గాలి తగులుచోట పెట్టినచో గంటలోపల ఆరును. అప్పుడు శీతలపేటికలో పెట్టి మఱునాటి లోపల తినివేయవలయును. బ్రిటను ఆరోగ్యసేవ వారును తమ ప్రజలకు చెప్పునది ఇంతే: గంటలోపల చల్లార్చుడు, ఒక్క దినమునకు మించి ఉంచవలదు. శీతలపేటిక లేని ఇంట మిగులకుండ వండుట తప్ప మఱియొక మార్గము లేదు. మిగిలినచో పైన చెప్పిన పుల్లని కుండయే శరణ్యము.

విద్యుత్ కుక్కరు కొన్న ఇండ్లలో ఒక పొరపాటు చూచుచున్నాను. ఆ కుక్కరు అన్నమును వెచ్చగా నుంచు స్థితిలో వెలుగుచున్నంతసేపు భయము లేదు. సరిగా పనిచేయునదైనచో 60 డిగ్రీలకు పైననే యుంచును. కాని కరెంటు పోయినను, ఖర్చని మీట ఆర్పినను, మూతబిగిసిన ఆ పాత్ర అన్నమును గంటలకొలది గోరువెచ్చగా నుంచును. క్రిమికి అంతకంటె అనుకూలమైన ఇల్లు కట్టలేము.

నాట్ల అన్నము మాట. తెల్లవారుజామున వండుట తప్పనిదైనచో, ఉడుకుడుకుగానే వేడి నిలుపు డబ్బాలలో నింపి పంపుట ఒక విధము. ఆ డబ్బాలు మంచివియైనచో అయిదాఱు గంటలు అన్నమును చేయి తాళనంత వేడిగా నుంచగలవు. తెఱచినప్పుడు ఆవిరి రావలయును. ఆవిరి రానిచో ఆ డబ్బాను నమ్మరాదు. ఇంకొక విధము ఉదయము చింతపండు పులిహోరయో, గట్టిగా పులిసిన పెరుగన్నమో పంపుట. మూడవది, కొన్ని గ్రామములలో జరుగుచున్నట్లు, పదిమంది రైతులు కలిసి చెఱువుగట్టున ఒక పొయ్యి పెట్టి, పదకొండు గంటలకు వండించుట. సహకార సంఘములో చేరినవారికి ఈ మూడవది కష్టమైన పని కారాదు. కట్టెలును కలిసివచ్చును, ఆడువారికి కోడికూత లేపును తప్పును.

పెండ్లిండ్లు, సంతర్పణలు, మన సంఘపు సర్వసభ్య సమావేశపు విందు, వీనియందు వేఱొక చిక్కు. అన్నమును చాపలమీద గుడ్డలు పఱచి రాశిగా పోయుదురు. పైన మరల గుడ్డ కప్పుదురు. పదకొండు గంటలకు మొదటి బంతి కూర్చుండును, నాలుగు గంటలకు కడపటి బంతి లేచును. మొదటి బంతిలో ఊరి పెద్దలుందురు. కడపట తినువారు వడ్డించినవారు, విస్తళ్లు ఎత్తినవారు, పందిరి వేసినవారు. అందఱును లేచిన పిదప చీకటిపడువేళ మిగిలినది మూటలు కట్టుకొని పోవువారు పేదలు; దానిని వారు రాత్రికి కొంత, ఉదయమునకు కొంత తమ పిల్లలకు పెట్టుకొందురు. అనగా విషము పుట్టుటకు ఎక్కువ వ్యవధి గల అన్నము ఎప్పుడును తక్కువ గలవారి యింటికే చేరుచున్నది. దీనిని దానమని పిలుచుటకు నాకు నోరు రాదు. బంతి బంతికి విడిగా వండించుడు. వంటవాడు విసుగుకొన్నచో ఇంకొక మనిషిని కుదుర్చుడు. ఇచ్చెడి అన్నమును మధ్యాహ్నమే, వేడియుండగనే ఇచ్చి, ఈ పూటయే తినుడని చెప్పి పంపుడు.

జబ్బు చేసినచో ఏమి చేయవలెను? పెక్కుమందికి ఒకనాటిలో తగ్గును. వాంతుల వలనను విరేచనముల వలనను పోయిన నీటిని, ఉప్పును మరల లోపలికి చేర్చుటయే ప్రధానమైన చికిత్స. ఆరోగ్య కేంద్రమున ఓ.ఆర్.ఎస్. పొట్లములు లభించును. పొట్లము చేత లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన చిన్న చెంచాలు ఆఱు పంచదార, అర చెంచా ఉప్పు కరగించి, చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగింపవలయును. ఉప్పు హెచ్చరాదు. వాంతి యగుచున్నదని నీరు మానిపించుట పెద్ద తప్పు. గిన్నెలో ముందే పుట్టిన విషమునకు క్రిములను చంపు మందులు పనిచేయవు. కనుక దుకాణములో ఏదో బిళ్ల కొని మ్రింగించుటలో ప్రయోజనము లేదు. పసిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు ఐనచో ఆలసింపక వైద్యుని చూపవలయును. మూత్రము తగ్గినను, మగతగా నున్నను, కన్నులు పచ్చబడినను, నెత్తురు పడినను ఎవరికైనను ఆసుపత్రియే గతి. ఈ విషము అరుదుగా కాలేయమును చెఱుపును. 2003లో బెల్జియము దేశమున ఒక కుటుంబపు పిల్లలు నిలువయున్న గోధుమ సేవల వంటకము తినిరి. వారిలో ఏడేండ్ల బాలిక కాలేయము చెడి మరణించెను. వాంతులే గదాయని తేలికగా తీసికొనరాదనుటకు ఇది చాలును.

పాఱవేయవలసిన అన్నమును గూర్చి ఒక్కమాట. మనుష్యులకు పనికిరానిదని గంపెడు అన్నమును గేదె ముందు పోయు అలవాటు మనలో నున్నది. పెండ్లి మఱునాడు పశువైద్యుని కొఱకు పరుగెత్తుటకు ఇదియొక కారణము. పచ్చగడ్డికిని ఎండుగడ్డికిని అలవాటుపడిన కడుపులో ఒక్కసారిగా అంత అన్నము పడినచో అది పులిసి, ఆమ్లము హెచ్చి, పశువు మేత మాని, నెమరు మాని కూలబడును. చూలుగేదెయైనచో రెండు ప్రాణములు పోవచ్చును. అట్టి అన్నమును పెంటగోతిలో వేసి, పైన ఇంత మట్టి కప్పుడు.